ఎనిమోన్‌కి లైటు ఎలా పెట్టాలి, ఎలా అలవాటు చేయాలి

ఉప్పునీటి ట్యాంక్‌లో ఎనిమోన్ (రాయికి అంటుకుని పువ్వులా విచ్చుకునే సముద్ర జీవి) పెంచుదామనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న, "ఎన్ని వాట్ల లైటు కావాలి?" దీనికి పనికొచ్చే జవాబు లేదు. లైటు ఎంత కరెంటు లాగుతుందో వాట్లు చెబుతాయి గానీ ఎనిమోన్ మీద ఎంత వెలుగు పడుతుందో చెప్పవు. లీటరుకి ఇన్ని వాట్లు అనే పాత లెక్క ట్యూబ్‌లైట్ల రోజుల్లో ఏదో ఒక అంచనాకి అక్కరకొచ్చేది, ఎల్ఈడీలు వచ్చాక దానికీ అర్థం లేకుండా పోయింది. మీరు తేల్చుకోవాల్సినవి రెండే: ఎనిమోన్ కూర్చునే చోట వెలుగు ఎంత ఉంది, ఆ వెలుగుకి దాన్ని ఎంత నెమ్మదిగా అలవాటు చేస్తున్నారు. మొదటిదాని గురించి అందరూ గంటలు గంటలు చర్చిస్తారు, రెండోదాన్ని వదిలేస్తారు. కొత్తగా తెచ్చిన ఎనిమోన్లు దెబ్బతినేది ఎక్కువగా ఆ రెండోదాని దగ్గరేనని నా అభిప్రాయం.

ఇంత పట్టింపు ఎందుకంటే, పగడాలు పెంచే రీఫ్ ట్యాంకుల్లో మనం పెంచే ఎనిమోన్లలో చాలావాటి శరీరంలో జూజాంతెల్లే అనే ఏకకణ ఆల్గే కాపురముంటుంది. అది వెలుగుతో కిరణజన్య సంయోగక్రియ జరిపి, తయారైన చక్కెరలు, గ్లిసరాల్ వంటివాటిలో పెద్ద వాటా ఎనిమోన్‌కే ఇచ్చేస్తుంది. కాబట్టి లైటు తగ్గించడమంటే తిండి తగ్గించడమే. తమాషా ఏమిటంటే వెలుగు చాలకపోయినా ఎనిమోన్ వెంటనే చచ్చిపోదు. నెలల తరబడి కొద్దికొద్దిగా చిన్నదవుతూ ఉంటుంది, రోజూ చూసేవాళ్లకి తేడా తెలియదు, చివరికి ఒకరోజు పోయాక "నిన్నటిదాకా బాగానే ఉందే" అంటారు. నిజానికి ఇవి చాలా ఏళ్లు బతికే జీవులు. స్కాట్లాండ్‌లో జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో తీరం నుంచి తెచ్చి పెంచిన ఒక బీడ్‌లెట్ ఎనిమోన్, ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా బతికింది. అది వెలుగు మీద ఆధారపడే రకం కాదనుకోండి, కానీ ఏడాదికే పోయిన ఎనిమోన్‌ని "వయసైపోయింది" అని సరిపెట్టుకోవడానికి మాత్రం వీల్లేదు.

మొదట: మీది ఏ రకమో తేల్చుకోండి

అన్నిటికీ ఒకే లైటు అంటే కుదరదు. వెలుగుని పార్ అనే కొలతలో చూస్తాం. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి, సెకనుకి ఒక చదరపు మీటరు మీద ఎన్ని మైక్రోమోల్స్ పడుతోంది అన్నది ఆ అంకె. కింద ఇచ్చినవి పెంపకందార్లు మామూలుగా వాడే హద్దులు, వీటిని రాతిమీద చెక్కిన గీతల్లా చూడొద్దు.

బబుల్ టిప్ అయితే 120 నుంచి 250 మధ్య హాయిగా ఉంటుంది. మొదటిసారి పెంచేవాళ్లకి నేను చెప్పేది దీని గురించే, ఎందుకంటే లైటు విషయంలో మన పొరపాట్లని కాస్త ఓర్చుకుంటుంది. రాక్ ఫ్లవర్, మినీ మ్యాక్సీ రకాలకి 100 నుంచి 200 చాలు, పైగా ఇవి చిన్నవి కాబట్టి ట్యాంక్ అడుగున కూడా పెట్టుకోవచ్చు. ఇసుకలో పాదం దిగేసే లాంగ్ టెంటకిల్‌కి 150 నుంచి 250, హడోనీ కార్పెట్‌కి 200 నుంచి 300 కావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇసుక అంటే ట్యాంక్ అడుగు. లోతైన ట్యాంక్‌లో పైన 400 పార్ ఉన్నా అడుగుకి చేరేసరికి 120 కూడా మిగలకపోవచ్చు. సెబే అని అమ్మే రకానికి 200 నుంచి 350. ఇక మాగ్నిఫికా, జైగాంటియా కార్పెట్ రెండూ నిజంగా వెలుగు తినే జీవులు, 250 నుంచి 400 దాకా, అలవాటు పడ్డాక ఇంకా ఎక్కువ కూడా తట్టుకుంటాయి. మాగ్నిఫికా అయితే సముద్రంలో బాగా వెలుగు పడే ఎత్తైన చోటే ఎంచుకుంటుంది, ట్యాంక్‌లోనూ రాళ్లన్నిటి కంటే పైకి ఎక్కి కూర్చుంటుంది.

ట్యూబ్ ఎనిమోన్ అని అమ్మేది వీటిలో చేరదు. అది నిజమైన ఎనిమోన్ కాదు, దానిలో ఈ ఆల్గే ఉండదు, దానికి తిండి మీరే పెట్టాలి, లైటు గురించి ఆలోచించనక్కర్లేదు. ఇక రాళ్లతోపాటు పిలవకుండా వచ్చే ఐప్టేసియా అనే చీడ ఎనిమోన్ ఉందే, దానికి ఏ లైటయినా ఒకటే, చీకటి మూలల్లో కూడా పెరుగుతుంది. దాన్ని చూసి మీ లైటు బాగుందని మురిసిపోకండి.

కొనేటప్పుడు రంగు చూడండి. పూర్తిగా తెల్లగా ఉండి చివర్లు మాత్రం ఊదాగానో గులాబీగానో ఉన్న సెబే చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ అది ఆల్గే పోగొట్టుకుని ఆకలితో ఉన్న జీవి. నిమ్మపండు పసుపులో, హోలీ గులాలు లాంటి గులాబీలో శరీరమంతా ఒకే రంగు కొట్టినట్టుంటే రంగు వేసినదని అనుమానించండి. ఆరోగ్యంగా ఉన్నదాంట్లో ఏ మెరుపు రంగు ఉన్నా దాని కింద కాస్త గోధుమ ఛాయ కనిపిస్తుంది. ఆ గోధుమ రంగే ఆల్గే.

లైటు ఎంచుకోవడం

ట్యాంక్ పెట్టి కనీసం ఆరు నెలలు గడిచి, ఉప్పు సాంద్రత 1.025, 1.026 దగ్గర, వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటేనే ఈ మెట్టుకి రండి. నీళ్లు కుదరని ట్యాంక్‌లో ఎంత మంచి లైటు పెట్టినా దండగే.

మెటల్ హాలైడ్ బల్బు, టీ5 అనే సన్నని ట్యూబ్‌లైటు, ఎల్ఈడీ, ఈ మూడింటిలో దేనితోనైనా ఎనిమోన్ బాగా పెరుగుతుంది. ఫలానాది పెడితేనే బతుకుతుంది అనేవాళ్లని నమ్మకండి. తేడా అంతా మీరు దాన్ని ఎలా సర్దుకుంటారు అన్నదాంట్లో ఉంది.

టీ5 ట్యూబులు వెలుగుని మెత్తగా, సమానంగా పరుస్తాయి, నీడలు తక్కువ. పక్కనుంచి కూడా వెలుగు అందుతుంది కాబట్టి పెద్ద ఎనిమోన్ కింది భాగాలు కూడా చీకట్లో పడవు. చిక్కల్లా కావాల్సినట్టు తగ్గించుకునే వీలు మామూలు టీ5 ఫిక్చర్లలో ఉండదు, తగ్గించాలంటే కొన్ని ట్యూబులు ఆపుకోవాలి. పైగా 9 నుంచి 12 నెలలకోసారి ట్యూబులు మార్చాలి.

మెటల్ హాలైడ్ ఒక్క చుక్క దగ్గర్నుంచి గట్టిగా కొడుతుంది, నీళ్లలో ఆ అలల మెరుపు చూడాలంటే దాన్ని మించింది లేదు. కానీ నీళ్లు వేడెక్కుతాయి, ఆవిరి ఎక్కువ, దాంతో ఉప్పు సాంద్రత పైకి పాకుతుంది. రెండు వైపులా హోల్డర్ ఉండే బల్బు వాడుతుంటే ముందున్న గాజు పలకని ఎప్పుడూ తీయొద్దు, యూవీని ఆపేది అదే. అది పగిలితే కొత్తది పెట్టేదాకా లైటు వేయకండి, ఎనిమోన్‌కే కాదు మీ కళ్లకీ చర్మానికీ ప్రమాదం.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఎల్ఈడీ, దాంట్లో పడే పొరపాట్లు కూడా ఎక్కువే. మొదటిది, లెన్సులు వెలుగుని ఇరుకుగా దించడం వల్ల లైటు నడి కింద భగభగ, ఒక్క అడుగు దూరం పక్కకి జరిగితే సగం కూడా ఉండదు. 120 సెంటీమీటర్ల పొడవు ట్యాంక్‌కి ఒక్క బలమైన లైటు వేలాడదీయడం కంటే, రెండు మామూలు లైట్లు పెట్టి సగం బలంతో నడపడం నయం. ఎనిమోన్ కదిలే జీవి, రేపు ఎక్కడ కూర్చుంటుందో మీకు తెలియదు, కాబట్టి ట్యాంక్ అంతా వెలుగు కాస్త సమానంగా ఉంటే మీకు టెన్షన్ తగ్గుతుంది. ఎత్తు నీళ్ల పైనుంచి 20 నుంచి 30 సెంటీమీటర్లు ఉంచి మొదలుపెట్టండి. పైకి లేపితే వెలుగు పరుచుకుంటుంది, బలం తగ్గుతుంది.

రెండోది రంగు. సముద్రంలో లోతుకి వెళ్లేకొద్దీ ఎరుపు ముందు పోతుంది, నీలం చివరిదాకా నిలుస్తుంది, జూజాంతెల్లే కూడా 420 నుంచి 480 నానోమీటర్ల నీలాన్ని బాగా వాడుకుంటుంది. అందుకే రీఫ్ లైట్లన్నీ నీలం వైపు మొగ్గుతాయి. మన కన్ను మాత్రం నీలాన్ని చాలా తక్కువగా లెక్కేస్తుంది. నీలం ఛానళ్లు నిండుగా పెట్టి తెలుపు తగ్గించేస్తే గదిలో మసకగా కనిపిస్తుంది, "ఇంత మసకగా ఉందే" అని ఇంకా పెంచేస్తారు, అక్కడ నిజానికి 350 పార్ కొడుతూ ఉంటుంది. నీలం ముఖ్యంగా ఉంచి, తెలుపు మితంగా కలిపి, ఎరుపు, పచ్చ దాదాపు పేరుకి మాత్రమే పెట్టుకుంటే చాలు. బల్బుల్లో అయితే 14,000 నుంచి 20,000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, ఎక్కువైతే నీలం ఎక్కువ) వాడతారు, 10,000 కెల్విన్ కూడా బాగానే పనిచేస్తుంది, కాస్త తెల్లగా కనిపిస్తుందంతే.

కిటికీ ఎండ మీద ఆధారపడొద్దు. దాన్ని మీరు తగ్గించలేరు, ఋతువుతో మారిపోతుంది, అద్దాలకి ఆల్గే పట్టేస్తుంది, వేడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

వెలుగు కొలవడం

ఇది ఎనిమోన్ రాకముందే చేయాల్సిన పని. పార్ మీటర్ కొనక్కర్లేదు, పక్క పెంపకందారు దగ్గర అరువో అద్దెకో ఒక్కరోజు దొరికితే చాలు. లైటు పూర్తి బలంలో కాకుండా మీరు నడపబోయే సెట్టింగ్‌లో ఉంచి, పంపులు నడుస్తుండగా, సెన్సర్ ముఖం నేరుగా పైకి ఉండేలా పట్టుకుని కొలవండి. కొంచెం వంగినా అంకె పడిపోతుంది. ఇసుక మీద, రాళ్ల నడిమి ఎత్తులో, రాళ్ల కొనమీద, ఎడమ, నడి, కుడి, ఇలా తొమ్మిది చోట్ల కొలిచి కాగితం మీద ట్యాంక్ బొమ్మ గీసుకుని రాసుకోండి. పైన అలలు ఉంటాయి కాబట్టి అంకె ఎగురుతూ ఉంటుంది, కాసేపు ఆగి సగటు తీసుకోండి. గాలిలో కొలవడానికి చేసిన సెన్సర్‌ని నీళ్లలో ముంచితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, తయారీదారు ఇచ్చిన సంఖ్యతో గుణించాలి. నీళ్లలో వాడటానికే చేసిన మీటర్లలో ఆ సర్దుబాటు ముందే చేసి ఉంటుంది.

మీరు కొలిచింది రాయి మీద, కానీ ఎనిమోన్ టెంటకిల్స్ (తీగల్లాంటి చేతులు) ఆ రాయికి 10, 15 సెంటీమీటర్ల పైన ఉంటాయి. అక్కడ వెలుగు ఇంకా ఎక్కువ. ముఖ్యంగా లైటుకి దగ్గరగా కొన మీద కూర్చునే మాగ్నిఫికా విషయంలో ఇది మరిచిపోవద్దు.

మీటర్ ఎక్కడా దొరకలేదంటే? ఫోన్‌లో లక్స్ యాప్ ఉంది కదా అంటారు. నీలం ఎక్కువున్న లైటు కింద లక్స్ అంకె అసలు బలాన్ని బాగా తక్కువ చేసి చూపిస్తుంది, దాన్ని ఏదో ఒక సంఖ్యతో భాగించి పార్ చేసుకోవడం చీకట్లో రాయి వేయడమే. దాని వల్ల ఒక్క ఉపయోగం ఉంది: ఈరోజు ఒక చోట అద్దం బయటనుంచి వచ్చిన అంకెని రాసుకుని, అదే సెట్టింగ్‌లో నాలుగు నెలల తర్వాత అదే చోట అదే ఫోన్‌తో చూస్తే లైటు బలం తగ్గిందా లేదా అన్నది తెలుస్తుంది. లేదంటే లైటు తయారీదారు ఇచ్చే పార్ పట్టిక చూడండి, అది ఖాళీ ట్యాంక్‌లోనో గాలిలోనో కొలిచింది అయి ఉండొచ్చు, కాబట్టి దాన్ని పై హద్దుగా అనుకుని తక్కువ నుంచి మొదలుపెట్టండి.

రోజుకి ఎన్ని గంటలు

గట్టి వెలుగు 8 గంటలు, దానికి ముందూ వెనకా ఒక్కో గంట నెమ్మదిగా పెరగడం, తగ్గడం. దీంతో మొదలుపెడితే దాదాపు ఎప్పుడూ ఇబ్బంది రాదు. వెలుగు బలం, గంటలు రెండూ కలిపి చూడాలి. 200 పార్ 8 గంటలు ఇస్తే రోజుకి చదరపు మీటరుకి 5.76 మోల్స్, 160 పార్ 10 గంటలు ఇచ్చినా సరిగ్గా అంతే. మీ లైటు కొంచెం బలహీనమైతే గంట రెండు గంటలు పెంచి సర్దుకోవచ్చు. కానీ 60 పార్ ఉన్నచోట 20 గంటలు వెలిగించి సరిపెడదాం అంటే కుదరదు, దానికి చీకటి కూడా కావాలి. రాత్రి పూర్తిగా చీకటి ఉంచండి. చంద్రకాంతి అని రాత్రంతా నీలం లైటు వదిలేసేవాళ్లున్నారు, అది ఎనిమోన్ కోసం కాదు, చూసేవాళ్ల కోసం. పెట్టాలనిపిస్తే ఒక గంట పెట్టి ఆపేయండి.

టైమర్ తప్పకుండా వాడండి. చేత్తో వేసి ఆపే లైటు ఒకరోజు 6 గంటలు, ఇంకోరోజు 13 గంటలు వెలుగుతుంది.

తెచ్చిన రోజు, ఆ తర్వాతి ఆరు వారాలు

అసలు విషయం ఇక్కడుంది. అమ్మేచోట ఎనిమోన్ ఏ వెలుగులో ఉందో అడగండి, వీలైతే చూడండి. చాలాచోట్ల తక్కువ లైటు కింద ఉంటుంది, ఆ పైన ప్రయాణమంతా చీకటి సంచిలో. దాన్ని తెచ్చి నేరుగా 250 పార్‌లో పెడితే, చీకటి గదిలోంచి మిట్టమధ్యాహ్నం ఎండలోకి నెట్టినట్టే. మనమైతే కళ్లు మూసుకుంటాం, అది ఆ పని చేయలేదు. వెలుగు ఒక్కసారిగా ఎక్కువైనప్పుడు ఆల్గే కిరణజన్య సంయోగక్రియ అదుపు తప్పి, కణాల్ని గాయపరిచే చురుకైన ఆక్సిజన్ రూపాలు తయారవుతాయి. అప్పుడు ఎనిమోన్ ఆ ఆల్గేనే బయటికి తోసేస్తుంది. బ్లీచ్ అవడమంటే ఇదే. నీళ్లు వేడిగా ఉంటే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, 28 డిగ్రీలు దాటిన ట్యాంక్‌లో మామూలుగా తట్టుకునే వెలుగు కూడా ఎక్కువైపోవచ్చు.

కాబట్టి తెచ్చిన రోజు లైట్లు బాగా తగ్గించండి, లేదా సాయంత్రం లైట్లు ఆగే వేళకి ట్యాంక్‌లోకి దించండి. మీరు అనుకున్న రాయి పగులు దగ్గర పాదం ఆనేలా పెట్టి, అంటుకునేదాకా దాని మీదికి వచ్చే పంపుని కాసేపు ఆపండి. మరుసటి రోజు నుంచి, చివరికి మీరు ఇవ్వాలనుకున్న పార్‌లో సుమారు 40 శాతంతో మొదలుపెట్టండి. అంటే బబుల్ టిప్‌కి 200 లక్ష్యం అనుకుంటే 80తో. వారానికి 15, 20 పార్ చొప్పున పెంచుకుంటూ పోతే ఆరు నుంచి ఎనిమిది వారాలకి చేరుకుంటారు. పెంచిన రెండు రోజుల్లో అది ముడుచుకుపోయి ఉంటే వెనక్కి ఒక మెట్టు దిగి, ఇంకో వారం ఆగి మళ్లీ చూడండి. తొందరేం లేదు. మీ ఎల్ఈడీలో అలవాటు చేసే మోడ్ ఉంటే అది రోజూ కాస్త కాస్తగా తనే పెంచుతుంది, దాన్ని 40, 50 రోజులకి పెట్టుకోండి.

ఇక్కడే చాలామందికి ఒక ఇరకాటం. ట్యాంక్‌లో ఇప్పటికే వెలుగు బాగా కావాల్సిన పగడాలు ఉన్నాయి, లైటు 40 శాతానికి తగ్గిస్తే అవి రంగు పోగొట్టుకుంటాయి. అప్పుడు లైటు ముట్టుకోవద్దు. ఎనిమోన్ ఉన్న వైపు మాత్రం, నీళ్ల పైన, ప్లాస్టిక్ దోమతెర ముక్కని మూడు నాలుగు మడతలు చేసి పరవండి. వారానికో పదిరోజులకో ఒక మడత తీస్తూ రండి. ఒక్కో మడత ఎంత ఆపుతుందో దాని నేతని బట్టి ఉంటుంది, పార్ మీటర్ చేతిలో ఉన్నరోజే అదీ కొలిచి పెట్టుకోండి. లోహపు తెర మాత్రం వాడొద్దు, ఉప్పునీటికి తుప్పు పట్టి ట్యాంక్‌లోకి దిగుతుంది. టీ5 అయితే సగం ట్యూబులతో మొదలు, మెటల్ హాలైడ్ అయితే ఎత్తు పెంచడం, దోమతెర, రెండూ. ఎల్ఈడీ దగ్గర దోమతెరని లైటుకి తగిలేలా కట్టకండి, ఫ్యాన్‌కి గాలి ఆడాలి.

అది చెప్పేది చూడటం

మీటర్ మొదటి నెల పనికొస్తుంది, ఆ తర్వాత ఎనిమోనే మీటర్.

వెలుగు చాలకపోతే శరీరం కాండంలా పైకి సాగుతుంది, టెంటకిల్స్ పొడుగ్గా సన్నగా తీగలు తీగలుగా అవుతాయి, నోటి చుట్టూ ఉండే పళ్లెం బాగా వెడల్పుగా పరుస్తుంది, దొరికిన వెలుగంతా ఏరుకోవాలని. కొన్నాళ్లకి రాయి పైకి పాకడం మొదలెడుతుంది. వెలుగు ఎక్కువైతే దీనికి తలకిందులు: లైటు గట్టిగా ఉన్న మధ్యాహ్నం పూట ముడుచుకుని, సాయంత్రం తగ్గాక విచ్చుకుంటుంది, లేదా రాయి నీడలోకి జరిగి టెంటకిల్స్ మాత్రం బయట పెడుతుంది. పైన చెప్పిన పాకడం కంటే ఈ రోజువారీ లయని గమనించడం తేలిక, ఒక వారం పాటు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోటునుంచి ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి, మీకే అర్థమవుతుంది.

అప్పుడప్పుడు కొన్ని గంటలపాటు పూర్తిగా ముడుచుకుని, గోధుమరంగు జిగురు తీగల్లాంటివి నోటినుంచి వదిలి మళ్లీ విచ్చుకుంటే భయపడకండి, వ్యర్థాలు బయటికి తోసి నీళ్లు మార్చుకుంటోంది. అదే పని రోజూ జరుగుతూ రంగు కూడా పాలిపోతుంటే అది వేరు, ఆల్గే పోతోంది, వెలుగూ వేడీ రెండూ చూడండి. నోరు తెరుచుకుని లోపలి భాగం బయటికి వేలాడుతూ ఒకరోజు దాటినా మూసుకోకపోతే అది లైటు సమస్య దాటిపోయినట్టే, వెంటనే నీళ్లు పరీక్షించుకోండి.

బబుల్ టిప్ చివర్లకి బుడగలు రావట్లేదని లైటు పెంచేవాళ్లు చాలామంది. బుడగలు లైటు మీద ఒక్కదాని మీదే ఆధారపడవు, ఒకే ట్యాంక్‌లో ఒకే వెలుగు కింద ఒకదానికి బుడగలుండి పక్కదానికి లేకపోవడం మామూలే. రంగు నిండుగా ఉండి, అంటుకుని కూర్చుని, పెట్టింది తింటూ ఉంటే లైటు జోలికి పోకండి.

కదులుతుంటే

మొదటి కొన్ని రోజులు తిరగడం సహజం, చోటు వెతుక్కుంటుంది. మీరు చేయకూడని పని, అది ఎక్కడికెళ్తే అక్కడికి లైటు బలాన్ని మారుస్తూ పోవడం. అలా చేస్తే దానికి స్థిరమైన చోటంటూ దొరకదు. పంపుల మూతికి జాలీ తొడగండి, లైటు సెట్టింగ్ అలాగే ఉంచండి, అది ఎంచుకున్న చోట వారం రోజులు నిలిచాక అక్కడి పార్ చూడండి. ప్రవాహం నచ్చకపోయినా కదులుతుంది కాబట్టి ప్రతి కదలికకీ లైటునే తప్పుపట్టకండి. అది మీరనుకున్న రాయి వదిలేసి వెనక మూలకి వెళ్లి, అక్కడ బాగా విచ్చుకుని కూర్చుంటే, కనబడట్లేదని పీకి తెచ్చి ముందు పెట్టకండి. పీకేటప్పుడు పాదం చిరిగితే ఆ గాయం మానడం కష్టం.

తెల్లబడినదాన్ని కోలుకునేలా చేయడం

తెల్లబడింది కదా, ఆల్గే పెరగాలి కదా, కాబట్టి లైటు పెంచుదాం అనిపిస్తుంది. సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేయాలి. మిగిలిన కొద్ది ఆల్గే కణాలకి ఇప్పుడు నీడనిచ్చే తోడు లేదు, ఉన్న వెలుగంతా వాటి మీదే పడుతుంది. 50 నుంచి 80 పార్‌కి దించి, అక్కడ కొన్ని వారాలు ఉంచండి. ఈలోగా తిండి మీ బాధ్యత: మైసిస్ రొయ్యలో, పచ్చి రొయ్య మాంసాన్ని గోరంత ముక్కలుగా చేసిందో, వారానికి రెండు మూడుసార్లు. పెద్ద ముక్క పెడితే అరిగించుకోలేక మరుసటి రోజు కక్కేస్తుంది, అది ఇంకా బలహీనపరుస్తుంది. గోధుమ ఛాయ మెల్లగా తిరిగి రావడం కనబడ్డాకే లైటు పెంచడం మొదలుపెట్టండి, అదీ ఇందాకటి కంటే నెమ్మదిగా. పూర్తిగా కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు.

తెలియకుండా వెలుగు మారిపోయే సందర్భాలు

సెట్టింగ్ ముట్టుకోలేదు, అయినా ఎనిమోన్ ముడుచుకుంది అంటే ఇవి చూడండి. నీళ్లు నెలల తరబడి పసుపెక్కి ఉన్న ట్యాంక్‌లో ఒక్కసారి కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే ఒకట్రెండు రోజుల్లో నీళ్లు తేటపడి, లోపలికి దిగే వెలుగు అమాంతం పెరుగుతుంది. కార్బన్ కొద్దిగా వేసి మొదలుపెట్టండి, లేదా ఎప్పుడూ కొంత నడుస్తూ ఉండేలా చూసుకోండి. ట్యాంక్ పై గాజు మూత మీద ఉప్పు పొర పేరుకుని ఉన్నదాన్ని ఒకరోజు తళతళా తుడిచేస్తే కూడా అంతే. ప్రతివారం తుడిచేవాళ్లకి ఈ ఇబ్బంది ఉండదు. పాత టీ5 ట్యూబులన్నీ ఒకేరోజు మార్చకండి, రెండు మూడు వారాల ఎడంతో ఒకటి రెండు చొప్పున మార్చండి. మెటల్ హాలైడ్ బల్బు ఒక్కటే ఉంటుంది కాబట్టి కొత్తది వేసిన రోజు లైటు పైకి లేపి, గంటలు సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో పాత చోటికి తేవాలి. ఎల్ఈడీ ఫ్యాన్‌లో దుమ్ము చేరితే లైటు వేడెక్కి తనంతట తనే బలం తగ్గించుకునే మోడళ్లున్నాయి, నెలకోసారి ఊదేయండి. కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్నాక మీ షెడ్యూల్ అలాగే ఉందో లేదో ఒకసారి చూసుకోవడం కూడా మంచిది.

ఉప్పునీటి పక్కన కరెంటుతో పని కాబట్టి లైటు తీగ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వంపు పెట్టండి, కారిన చుక్క ప్లగ్‌లోకి పోకుండా వంపు దగ్గరే రాలిపోతుంది. లీకేజీ ఉంటే వెంటనే సరఫరా ఆపేసే బ్రేకర్ మీదే ట్యాంక్ సామాను మొత్తం నడపండి. వేలాడదీసిన లైటు తాడు ఒకటి తెగినా లైటు నీళ్లలో పడకుండా ఇంకో తాడు ఉండాలి.

కరెంటు పోయి రెండు రోజులు లైటు లేకపోతే ఏమవుతుందో అని కంగారు పడతారు. వెలుగు లేకుండా అన్ని రోజులు ఆరోగ్యమైన ఎనిమోన్ ఓర్చుకుంటుంది. మీరు చూడాల్సింది నీళ్లు కదలడం, ఆక్సిజన్, వేడి. బ్యాటరీ ఉంటే దాన్ని లైటుకి కాకుండా పంపుకి వాడండి. కరెంటు వచ్చాక మామూలు షెడ్యూల్‌కే వెళ్లొచ్చు. చీకటి అయిదారు రోజులు దాటితే మాత్రం సగం బలంతో మొదలుపెట్టి ఒకటి రెండు వారాల్లో పైకి తీసుకురండి.